వేలు చూపేది పోడు పొగ మీదే ఎందుకు? వాతావరణ మార్పుపై అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని గుణుపురం, రాయగడ వైపు పొలాల్లో మట్టి నమూనాలు తీసి, ఎరువుల మోతాదు చెప్పడం నా పని. ఎండలు ముదిరాయని, వాన దారి తప్పిందని సంతలో తెలుగోళ్లూ ఒడియా వాళ్లూ సవరలూ ఒకే మాట చెబుతారు. ఎవరి వల్ల అని అడిగితే మాత్రం తలో జవాబు వస్తుంది.

అపోహ: కొండల మీద పోడు కొట్టేవాళ్ల (అడవి నరికి, కాల్చి సాగు చేసేవాళ్ల) వల్లే ఇదంతా.

ఇది కింద ఊళ్లలో, అదీ ఫ్యాన్ కింద కూర్చుని చెప్పే మాట. ఎండాకాలం మొదట్లో కొండ మీద పొగ అందరికీ కనిపిస్తుంది, కాబట్టి నింద వేయడం సులువు. పోడులో కాలిన చెట్టు తాను పెరిగేటప్పుడు గాలిలోంచి తీసుకున్న కార్బన్‌నే మళ్లీ గాలికి వదులుతుంది. ఆ నేలను పదేళ్లకు పైగా వదిలేస్తే అడవి లేచి అందులో చాలా భాగం వెనక్కి లాక్కుంటుంది. మూడు నాలుగేళ్లకే మళ్లీ నరికే చోట ఆ లెక్క కుదరదు. పైమట్టి కొట్టుకుపోతుంది, సేంద్రియ కార్బన్ పడిపోతుంది. అందుకే పోడుకు పాత్రే లేదని నేను అనను. పెద్ద పద్దు మాత్రం వేరే చోట ఉంది.

మా ఒడిశాలోనే దామన్‌జోడిలో బాక్సైట్ ఖనిజం నుంచి తీసిన అల్యూమినా పొడి అంగుల్‌కు వెళ్లి అల్యూమినియం అవుతుంది. కిలో లోహానికి సుమారు 14 యూనిట్ల కరెంటు పడుతుంది. ఆ కరెంటు బొగ్గుతో తీసినదైతే యూనిట్‌కు దాదాపు 1 కిలో కార్బన్ డయాక్సైడ్, అంటే భూమిని వేడెక్కించే వాయువు, వస్తుంది. అంటే ఇంట్లో కిలో బరువున్న అల్యూమినియం డేక్సా వెనుక కరెంటు ఖాతాలోనే 13, 14 కిలోలు ఉన్నాయి. పైగా అంగుల్ పక్కనే ఉన్న తాల్చేరు బొగ్గులోని కార్బన్ 25 కోట్ల ఏళ్లకు పైగా భూమిలోనే ఉండిపోయినది. పోడు పొగకీ దీనికీ తేడా అదే. ఒకటి చెట్టుకీ గాలికీ మధ్య తిరిగే సరుకు, రెండోది కొత్తగా వచ్చిపడుతున్న సరుకు. ప్రపంచం మొత్తం మీద బొగ్గు, చమురు, గ్యాస్, సిమెంటు కలిసి ఏటా 3,700 కోట్ల టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్‌ను గాలిలోకి వదులుతున్నాయి. అడవుల నరికివేత, నేల వాడకంలో మార్పుల వాటా దాంట్లో దాదాపు పదో వంతు. అందులోనూ మన కొండల పోడు ఎంత?

అపోహ: వేడి పెరగడం, తగ్గడం ప్రకృతిలో ఉన్నదే.

ఉన్నదే. కానీ ఈసారి దొంగ ఆనవాళ్లు వదిలాడు. బతికున్న చెట్టులో, నిన్న మొన్న నరికిన కట్టెలో కార్బన్-14 అనే, తనంతట తాను తరిగిపోయే కార్బన్ రకం కొద్దిగా ఉంటుంది. అది 5,730 ఏళ్లకు సగమవుతూ పోతుంది కాబట్టి కోట్ల ఏళ్ల బొగ్గులో ఇక మిగలదు. బొగ్గు పొగ కలిసేకొద్దీ గాలిలో కార్బన్-14 వాటా పలచబడుతోందని హాన్స్ స్యూస్ అనే శాస్త్రవేత్త 1955లోనే చూపించాడు. ఆ తర్వాత అణు పరీక్షల వల్ల అది అమాంతం పెరిగి కొన్నాళ్లు లెక్కను గందరగోళం చేసింది గానీ, ఆ పరీక్షలు తగ్గాక మళ్లీ పడిపోతూ వచ్చింది. అంటార్కిటికా మంచులో చిక్కుకున్న గాలి బుడగలు 8 లక్షల ఏళ్ల చరిత్ర చెబుతాయి. అంత కాలంలోనూ కార్బన్ డయాక్సైడ్ పది లక్షల భాగాల్లో 300 దాటలేదు. ఇప్పుడు 420 పైనే ఉంది.

సూర్యుడే వేడెక్కాడంటారు కొందరు. అలాగైతే వాతావరణం పైపొరలూ వేడెక్కాలి. అక్కడ చల్లబడుతోంది, కింద వేడెక్కుతోంది. వేడి కింద పొరల్లో చిక్కుకుంటే జరిగేది ఇదే. అగ్నిపర్వతాలు వదిలే కార్బన్ డయాక్సైడ్ మనుషులు వదిలేదాంట్లో నూటికి ఒక వంతు కూడా ఉండదు. ఇక ఓజోన్ చిల్లు వల్ల ఎండ మండుతోందన్నది వేరే కథ. అది అతినీలలోహిత కిరణాల సమస్య, భూమి వేడెక్కడానికి అసలు కారణం అది కాదు.

అపోహ: చెట్లు నాటితే చాలు.

ఏ చెట్టు, ఎన్నాళ్లు ఉంచుతారు? మా వైపు గట్ల మీద, మెట్ట చేలల్లో నీలగిరి వేస్తారు. నాలుగైదేళ్లకు కొట్టేసి కాగితం మిల్లుకు పంపుతారు. కాగితం కాలినా, కుళ్లినా ఆ కార్బన్ గాలికే చేరుతుంది. రైతుకు డబ్బులొస్తాయి, వద్దనను. దాన్ని వాతావరణ సేవ అని బోర్డు పెడితేనే నాకు ఒళ్లు మండుతుంది. ఉన్న అడవిని నరకకుండా ఉంచడానికి ఇంతకన్నా ఎక్కువ విలువ ఇస్తాను.

అపోహ: తిత్లీ లాంటి తుపానులు మనుషులు చేసినవే.

2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి, గజపతి జిల్లా కొండల మీద కుండపోతగా కురిసింది. తుపానులు మన తీరానికి కొత్త కాదు. కానీ గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టగలదు, సముద్రం వేడెక్కితే తుపానుకు మేత పెరుగుతుంది. తుపాను పుట్టుక ప్రకృతిదే, అది కుమ్మరించే వానలో మన చెయ్యి ఉంది.

అపోహ: వ్యవసాయం వల్ల ఏమీ కాదు, అది పచ్చటి పని.

ఇక్కడ నా సొంత వృత్తినే ఇరికించాలి. 45 కిలోల యూరియా బస్తాలో సుమారు 20 కిలోల నత్రజని ఉంటుంది. చేలో వేసిన నత్రజనిలో నూటికి ఒక వంతు నైట్రస్ ఆక్సైడ్‌గా పోతుందని ఉజ్జాయింపు లెక్క. వందేళ్ల కాలానికి చూస్తే ఆ వాయువు వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 273 రెట్లు. నత్రజనితో కలిసే ఆక్సిజన్ బరువూ చేర్చి లెక్క కడితే బస్తాకు దాదాపు 90 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. యూరియా తయారీలో వచ్చేది దీనికి అదనం. పత్తి చేలో పక్కవాడు వేశాడని ఇంకో బస్తా కుమ్మరించే రైతుకు ఈ లెక్క చెప్పి లాభం లేదు. ఆ బస్తా డబ్బు దండగని, అతి పచ్చదనానికి పురుగు ఎక్కువ వస్తుందని చెబితే వింటాడు. నేను అదే చెబుతాను. ఒకేసారి వేయకుండా రెండు మూడు దఫాలుగా, తడి చూసి వేయమంటాను.

వరి మడిలో నీరు నిలిస్తే మట్టికి గాలి అందదు. అప్పుడు అక్కడి సూక్ష్మజీవులు మీథేన్ అనే, భూమిని వేడెక్కించే మరో వాయువును తయారుచేస్తాయి. మడిని అప్పుడప్పుడు ఆరబెట్టి, నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్లీ తడిపితే మీథేన్ బాగా తగ్గుతుంది, మోటారు ఖర్చూ కలిసొస్తుంది. నాట్లు వేశాక మొదటి రోజుల్లో, పూత సమయంలో మాత్రం ఆరనివ్వకూడదు. బోరు కింద మడులకు ఇది సరిపోతుంది. కొండ వాగుల్లో మెట్లు కట్టి చేసే జోలా భూముల్లో ఊట ఆగదు, నీరు తీయడం కుదరదు. అక్కడి రైతును దీని పేరుతో ఇబ్బంది పెట్టొద్దని కొత్తగా పనిలో చేరే పిల్లలకు చెబుతుంటాను.