వరి మడి ఎప్పుడు ఆరాలి?

నీరు నిలిచిన వరి మడిలో పైన సన్నటి పొర తప్ప మిగతా మట్టికి గాలి అందదు. గాలి అవసరం లేని సూక్ష్మజీవులు అక్కడ చేరి, మురిగే గడ్డి నుంచీ వేర్ల నుంచీ మీథేన్ పుట్టిస్తాయి. అందులో ఎక్కువ భాగం వరి మొక్కలోని గాలి గొట్టాల గుండానే పైకి వచ్చేస్తుంది. భూమిని వేడెక్కించడంలో, వందేళ్ల లెక్కన టన్ను మీథేన్ సుమారు 27 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం.

మధ్యమధ్య మడి ఆరితే ఆ జీవుల పని ఆగుతుంది. ఎప్పుడూ నీరు నిలిచే మడి వదిలే మీథేన్‌ను 1 అనుకుంటే, ఒకసారి ఆరగట్టిన మడికి 0.71, పలుమార్లు ఆరగట్టిన మడికి 0.55 అని 2019లో ఐపీసీసీ (వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) సవరించిన లెక్క. దాదాపు సగం తగ్గుతుందన్నమాట. దిగుబడి పోకుండా ఇది సాధించాలంటే ఎంతవరకు ఆరాలో తెలియాలి. అందుకు ఒక ప్లాస్టిక్ గొట్టం ముక్క చాలు.

30 సెం.మీ. పొడవు, 10–15 సెం.మీ. వెడల్పు ఉన్న పీవీసీ గొట్టం తీసుకుని, కింది సగానికి చుట్టూ 2 సెం.మీ. ఎడంతో చిన్న రంధ్రాలు వేయాలి. ఆ సగాన్ని మట్టిలో దించి, లోపలి మట్టిని తోడేయాలి. తోడకపోతే గొట్టంలో బురదే కనిపిస్తుంది, నీటి మట్టం తెలియదు. గట్టు పక్కన పెట్టినా లెక్క తప్పుతుంది. మడి మొత్తానికి సగటుగా ఉన్న చోట, గట్టుకు మీటరైనా దూరంగా ఉండాలి.

నాటిన రెండు వారాల వరకు నీరు నిలవనివ్వాలి. లేదంటే కలుపు పైచేయి అవుతుంది. ఆ తర్వాత గొట్టంలో నీరు నేల మట్టానికి 15 సెం.మీ. కిందికి దిగేదాకా ఆగి, మళ్లీ 5 సెం.మీ. లోతు తడి ఇవ్వాలి. ఎకరంలో ఒక్క సెంటీమీటరు నీరంటే 40 వేల లీటర్లు, మిగిలేది ఎంతో దీన్ని బట్టి ఊహించవచ్చు. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత వరకు మాత్రం ఆరగట్టొద్దు. ఆ రోజుల్లో ఎద్దడి తగిలితే తాలు గింజలు పెరుగుతాయి. 15 సెం.మీ. దాటి ఎండగట్టినా దిగుబడి దెబ్బతింటుంది. నల్లరేగడి నెర్రెలిచ్చాక ఇచ్చిన నీరు ఆ పగుళ్లలోకే పోతుంది కాబట్టి, అక్కడ నెర్రెలు పడక ముందే తడి ఇవ్వాలి. మడి చదును లేకపోతే ఒక మూల ఎండి, మరో మూల నీరు నిలిచిపోతుంది. దమ్ములో చదును చేయడానికి పెట్టే శ్రమ ఎక్కడికీ పోదు.

ఈ పద్ధతిలో నిజంగా భయపడాల్సింది యూరియా విషయంలో. మడి తడుస్తూ ఆరుతూ ఉంటే మట్టిలోని నత్రజనిలో కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా మారి ఎగిరిపోతుంది. అది టన్నుకు 273 టన్నుల కార్బన్ డయాక్సైడ్ పెట్టు. మీథేన్ తగ్గించి సంపాదించింది ఇక్కడ కొంత పోగొట్టుకుంటాం. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20.7 కిలోలే. దాన్ని ఒకేసారి కుమ్మరించకుండా దమ్ములో, పిలక దశలో, కంకి ఏర్పడటం మొదలయ్యే అంకురం దశలో మూడు భాగాలుగా బురద పదునులో చల్లి, 36–48 గంటల తర్వాత పలచగా నీరు పెట్టాలి. యూరియా వేసిన వెంటనే మడిని ఆరబెట్టే దఫా రాకుండా చూసుకోవాలి.

కోత తర్వాత మిగిలిన వరిగడ్డిని ఎప్పుడు దున్నుతామన్నది ఇంకా పెద్ద విషయం, ఎవరూ అంతగా పట్టించుకోనిదీ ఇదే. మీథేన్ మీద, నాట్లకు నెల లోపు కలియదున్నిన గడ్డి ప్రభావం 1 అయితే, నెలకు ముందే దున్నిన దానిది 0.19. తడి తగిలిన పొడి దుక్కిలో గాలి ఉండగానే గడ్డి చాలావరకు చివికిపోతుంది కదా! యాసంగి కోత అవగానే దున్నితే వానాకాలం నాట్లకు ఆ వ్యవధి దొరుకుతుంది. వానాకాలం కోతకూ యాసంగి నాట్లకూ మధ్య చాలాసార్లు అంత సమయం ఉండదు. అప్పుడు గడ్డిని కాల్చకుండా కట్టలు కట్టి పశువులకు తరలించడమే మేలు.

బోరు రైతుకు తడి ఎప్పుడివ్వాలో తన చేతిలో ఉంటుంది. కాలువ శివారు రైతుకు నీరు మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చినప్పుడే మడి నింపుకుంటాడు. అతని చేతికి గొట్టం ఇచ్చే ముందు, వంతు నీరు ఫలానా రోజు వస్తుందన్న షెడ్యూలు ఇవ్వాలి.