నూటికి మూడున్నర: ఓరుగల్లులో దుకాణం అప్పు నడిచిన దారి

వరంగల్ చుట్టుపక్కల పల్లెల్లో వడ్డీని ఏడాదికి ఇంత శాతం అని ఎవరూ చెప్పరు. నూటికి నెలకు ఎంత అన్నదే లెక్క. నూటికి రూపాయి అంటే తెలిసినవాళ్ల మధ్య నడిచే మర్యాద వడ్డీ. నూటికి రెండు బజారు వడ్డీ. నూటికి మూడు అనగానే వినేవాళ్లు ముఖం చిట్లిస్తారు, ఆ ఇంట్లో ఏదో గట్టి ఆపదే వచ్చి ఉంటుందని అనుకుంటారు. ఇప్పుడు హనుమకొండలోనో కాజీపేటలోనో తొలి ఉద్యోగం చేస్తున్న కుర్రవాడి క్రెడిట్ కార్డు బిల్లు చివరి పేజీ తిప్పి చూడండి. సన్న అక్షరాల్లో నెలకు 3.5 శాతం అనో, కాస్త అటూ ఇటూగానో ఉంటుంది. అంటే నూటికి మూడున్నర, ఏడాదికి 42 శాతం. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ అదనం. అంత వడ్డీకి అప్పు తెచ్చుకోవాల్సి వస్తే తాత చీకటి పడ్డాక వెళ్లేవాడు. మనవడికి షోరూములో కూర్చోబెట్టి, చల్లని నీళ్లిచ్చి మరీ అప్పు అంటగడుతున్నారు.

నిజాం కాలంలో ఈ ప్రాంతంలో పేదల అప్పు చాలావరకు గింజల్లోనే నడిచేది. విత్తనాలకో తిండికో దొర గాదెలోంచి ధాన్యం తెచ్చుకుని, పంట రాగానే నాగుతో, అంటే గింజల వడ్డీతో, కలిపి కొలిచేవారు. పుట్టెడు తెస్తే పుట్టిన్నర ఇవ్వాలి. ఒక్క పంట కాలానికి సగం వడ్డీ అన్నమాట. తీరకపోతే మనిషే తాకట్టు. బగేలాగా, అంటే అప్పు కింద కట్టుబడిన వెట్టి మనిషిగా, దొర పొలంలో ఏళ్ల తరబడి చాకిరీ చేసేవాడు. 1349 ఫసలీలో, అంటే 1939-40 ప్రాంతంలో, హైదరాబాద్ రాజ్యం వడ్డీ వ్యాపారుల చట్టం తెచ్చింది. లైసెన్సు ఉండాలి, లెక్కలు రాయాలి, రశీదు ఇవ్వాలి. చట్టం మంచిదే. కానీ రశీదు అడిగే ధైర్యం ఉన్నవాడు ఆ అప్పుకు వెళ్లేవాడే కాదు.

బ్యాంకులు పల్లెల వైపు చూసింది 1969లో పద్నాలుగు బ్యాంకుల జాతీయీకరణ తర్వాతే. ఓవర్‌డ్రాఫ్టు అనే వసతి అప్పట్లో వ్యాపారులది. సరుకో ఆస్తో చూపించిన మిల్లు యజమానికి, కమీషన్ మీద పంట అమ్మిపెట్టే అడ్తి వ్యాపారికి, ఖాతాలో ఉన్నదానికంటే ఎక్కువ తీసుకునే వీలు ఇచ్చేవారు. జీతగాడికి దానితో పని లేదు. క్రెడిట్ కార్డు కూడా అంతే. దేశంలో మొదట కార్డులిచ్చిన బ్యాంకుల్లో మన ఆంధ్రా బ్యాంకు ఒకటి, 1981లో మొదలుపెట్టింది. అయినా ఆ కార్డు చాలా ఏళ్లు పెద్ద ఉద్యోగుల జేబుల్లోనే ఉండిపోయింది. సామాన్యుడికి తెలిసిన వాయిదా అంటే కుట్టు మిషనో, తర్వాత తర్వాత టీవీయో స్కూటరో.

అసలు కథ పత్తితో మొదలైంది. నా లెక్కలో షోరూములో వాయిదాల మీద కొనడానికి ఇచ్చే నేటి కార్డుకు తాత వరంగల్ పురుగుమందుల దుకాణమే. 1980ల నుంచి ఇక్కడి చెలకల్లోకి పత్తి విస్తరించింది. విత్తనం, ఎరువు, మందు అన్నీ ఒకే కొట్టులో, అన్నీ ఉద్దెర మీద. బ్యాంకు తలుపు తెరుచుకోని కౌలు రైతుకు దుకాణదారే బ్యాంకు. దుకాణదారు నూటికి రెండో మూడో వడ్డీ వేసేవాడు. అది పైకి కనిపించే భాగం. కనిపించనిది ఇంకొకటి ఉండేది. ఉద్దెరకు తీసుకునే రైతు మందు ధర బేరమాడలేడు, పక్క కొట్టుకు వెళ్లలేడు, ఈ డబ్బా నకిలీదేమో అని అడగలేడు. ఇచ్చింది తీసుకోవాలి, చెప్పింది చల్లాలి. అప్పు ధర కొంత వడ్డీ రూపంలో, కొంత సరుకు ధరలో కలిసిపోయి ఉండేది. ఏది ఎంతో రైతుకే కాదు, ఒక్కోసారి ఆ దుకాణదారుకూ తెలిసేది కాదు. పత్తి ఎనుమాముల మార్కెట్‌కు చేరితే అక్కడ ముందే డబ్బిచ్చిన అడ్తిదారు తన బాకీ పట్టుకునేవాడు.

1997-98లో అకాల వర్షాలు, లద్దె పురుగు కలిసి వచ్చాయి. ఎన్నిసార్లు కొట్టినా పురుగు చావలేదు, మందుల పద్దు మాత్రం పెరుగుతూ పోయింది. వరంగల్ జిల్లాలో పత్తి రైతులు అదే మందు తాగి చనిపోయిన వార్తలు దేశమంతటా చదివారు. నేడు ఇరవై అయిదేళ్లు నిండని ఎందరో అబ్బాయిల ఇళ్లలో ఆ ఏడాది సంగతి ఇప్పటికీ గట్టిగా మాట్లాడరు.

ఆ తర్వాతి దశాబ్దంలో ఇళ్లలో అప్పు లెక్క ఆడవాళ్ల చేతికి వచ్చింది. పొదుపు సంఘాలు ఊరూరా ఏర్పడ్డాయి. 2004లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం పావలా వడ్డీ పథకం ప్రకటించింది. నూటికి నెలకు పావలా, అంటే ఏడాదికి 3 శాతం. మిగతా వడ్డీ భారం ప్రభుత్వానిది. ఈ పథకం మీద ఎన్ని విమర్శలున్నా ఒక్క మేలు ఒప్పుకోవాలి: సంఘం సమావేశంలో చాప మీద కూర్చున్న పది పన్నెండు మందికీ తమ అప్పు ధర ఎంతో నోటికి వచ్చేది.

ఈ గుంపులనే చూసుకుని సూక్ష్మ రుణ సంస్థలు వచ్చాయి. వాళ్లు నూటికి ఎంతో చెప్పలేదు, వారానికి ఎంతో చెప్పారు. పేరుకు పన్నెండో పదిహేనో శాతం, తగ్గుతూ వచ్చే అసలు మీద కట్టి చూస్తే దానికి దాదాపు రెట్టింపు. ఒకరి బాకీ తీర్చడానికి ఇంకొకరి దగ్గర తీసుకోవడం, కట్టలేని ఆమె ఇంటి ముందు తోటి సభ్యులనే కూర్చోబెట్టడం మామూలైంది. ఆత్మహత్యల వార్తలు మళ్లీ వచ్చాక 2010 అక్టోబరులో ప్రభుత్వం ఈ సంస్థలకు కళ్లెం వేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది, డిసెంబరులో అది చట్టమైంది. వసూళ్లు ఆగిపోయాయి. రిజర్వు బ్యాంకు నియంత్రణలో ఉన్న సంస్థలకు ఆ చట్టం వర్తించదని తెలంగాణ హైకోర్టు 2023 ఫిబ్రవరిలో చెప్పింది. అప్పటికి అమ్మల తరం పాఠం నేర్చుకుంది గానీ, అప్పిచ్చేవాళ్ల చూపు వాళ్ల పిల్లల మీదికి మళ్లింది.

దానికి దారి వేసింది ఫోను. 2013 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఒక సూటి మాట చెప్పింది: సున్నా వడ్డీ అనేదే లేదు, బ్యాంకులు ఆ పేరుతో వస్తువుల మీద వాయిదా పథకాలు నడపకూడదు. దాంతో పేరు మారింది. సున్నా వడ్డీ పోయి నో కాస్ట్ ఈఎంఐ వచ్చింది. బ్యాంకు బల్ల స్థానంలో ఫైనాన్స్ కంపెనీ బల్ల షోరూములో వెలిసింది. హనుమకొండ చౌరస్తా దగ్గర ఏ ఎలక్ట్రానిక్స్ దుకాణానికి వెళ్లినా ఆ బల్ల కనిపిస్తుంది. ఆధార్, పాన్, ఫోనుకు వచ్చే ఓటీపీ ఉంటే చాలు, టీ తాగేలోపు అప్పు మంజూరు.

దాని లోపలి లెక్క ఇలా ఉంటుంది. 24,000 రూపాయల ఫోను, పన్నెండు నెలలు, నెలకు 2,000. వడ్డీ ఏదీ లేనట్టే ఉంది. ఫైనాన్స్ కంపెనీ దుకాణానికి 24,000 ఇవ్వదు, తన వడ్డీ మినహాయించుకుని తక్కువ ఇస్తుంది. ఆ తేడాను తయారీ సంస్థో దుకాణమో భరిస్తుంది. అంటే రొక్కం పెట్టి కొనేవాడు గట్టిగా అడిగితే దొరికే తగ్గింపే అప్పు తీసుకునేవాడి వడ్డీ. దాని పైన ప్రాసెసింగ్ రుసుము, కార్డు రుసుము, అడగకుండానే చేర్చిన బీమా. పురుగుమందుల కొట్టులో జరిగిందీ ఇదే. అప్పు ధర సరుకు ధరలో దాక్కుంది. కొట్టు ముందు అద్దాలు వచ్చాయి, అంతే.

మిగతాది తొందరగా జరిగింది. లాక్‌డౌన్ ఏడాది లోన్ యాప్‌లు విరుచుకుపడ్డాయి. ఏడు రోజుల అప్పులు, ఫోనులోని పేర్లన్నింటికీ పంపిన అవమానకరమైన సందేశాలు. 2020 డిసెంబరులో తెలంగాణలో యువత ఆత్మహత్యల తర్వాతే పోలీసులు ఆ కాల్ సెంటర్ల మీద పడ్డారు. 2022లో రిజర్వు బ్యాంకు డిజిటల్ రుణాలకు నిబంధనలు పెట్టింది: ఫోనులోని పేర్ల జాబితా, ఫొటోలు ముట్టుకోకూడదు, డబ్బు నేరుగా తీసుకున్నవాడి ఖాతాలోకే వెళ్లాలి. 2023 నవంబరులో తాకట్టు లేని వినియోగ రుణాల మీద బ్యాంకులు ఎక్కువ మూలధనం పక్కన పెట్టాలని ఆదేశించింది. మరోవైపు రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలపడానికీ, ముందే మంజూరైన అప్పును యూపీఐతో వాడుకోవడానికీ అనుమతి ఇచ్చిందీ ఆ రిజర్వు బ్యాంకే. టీ కొట్టు దగ్గర చేసే స్కాన్‌లో కూడా అప్పు దూరడానికి సందు దొరికింది. ఇక వడ్డీకి పరిమితి సంగతి: కార్డు బాకీ మీద ఏడాదికి 30 శాతానికి మించి వసూలు చేయడం అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది. ఆ తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టేసింది. వడ్డీ ఎంత ఉండాలో చూసుకునేది రిజర్వు బ్యాంకు, కమిషన్ కాదు అన్నది దాని సారం.

ఈ చరిత్రంతా ఒక కుర్రవాడి ఖాతాలో ఎలా కలిసిందో దగ్గర నుంచి చూశాను. నర్సంపేట వైపు పల్లె, హనుమకొండలో ఒక ప్రైవేటు ల్యాబులో ఉద్యోగం, జీతం 19,000. షోరూము కార్డు మీద ఫోను, ఇంటికి ఫ్రిజ్. రెండు వాయిదాలూ కలిపి 3,800, ప్రతి నెలా రెండో తేదీన ఖాతాలోంచి వెళ్లాలి. జీతం పడేది ఏడుకో పదికో. మొదటిసారి వాయిదా తిరిగిపోయినప్పుడు ఫైనాన్స్ కంపెనీ బౌన్స్ చార్జీ వేసింది, బ్యాంకు తన చార్జీ తాను వేసింది, రెంటి మీదా జీఎస్టీ. రెండు వేల వాయిదా వారం ఆలస్యమైతే పడిన దండుగ వెయ్యికి దగ్గర. నూటికి యాభై, అదీ వారానికి. నాగు పెట్టిన దొర కనీసం పంట కోసే దాకా ఆగేవాడు.

ఆ బౌన్స్ తప్పించుకోవడానికే జీతం ఖాతా మీద ఓవర్‌డ్రాఫ్టు తీసుకున్నాడు. బ్యాంకు యాప్‌లో రెండుసార్లు నొక్కితే వచ్చింది. పరిమితి 30,000, ఏడాదికి 15 శాతం. వాడిన రోజులకే వడ్డీ కాబట్టి చౌకే. చిక్కు ఎక్కడంటే, జీతం పడగానే ఓవర్‌డ్రాఫ్టు గుంత పూడుతుంది, చేతికి ఏమీ మిగలదు, ఇంటద్దెకు మళ్లీ అదే గుంత తవ్వాలి. ఆరు నెలల్లో పరిమితి మొత్తం వాడేశాడు. కూరగాయలకూ పెట్రోలుకూ బ్యాంకు క్రెడిట్ కార్డు మొదలైంది. కార్డు బాకీ 42,000కు చేరిన నెలలో బిల్లు అడిగిన కనీస మొత్తం 2,100. అందులో వడ్డీ 1,470, జీఎస్టీ 265. అసలులో తగ్గింది 365 రూపాయలు. కనీస మొత్తం కట్టినవాడికి కొత్తగా కొన్నవాటి మీద వడ్డీ లేని గడువు కూడా ఉండదని అతనికి ఎవరూ చెప్పలేదు. కొన్న రోజు నుంచే మీటరు తిరుగుతుంది.

ఒక నెల మళ్లీ వాయిదా తప్పింది. వసూలు మనిషి దరఖాస్తులో రాసిన ఇంకో నంబరుకు ఫోను చేశాడు. అది అమ్మ నంబరు. ఆమె సంఘంలో పదిహేనేళ్లు పద్దులు చూసిన మనిషి. ఆ ఆదివారం ఇంటికి వచ్చిన కొడుకును తిట్టలేదు. "నూటికి ఎంత పడుతోంది బిడ్డా?" అని అడిగింది. "నెలకు రెండు వేల వంద అమ్మా" అన్నాడు. "అది కిస్తు. నేను అడిగేది వడ్డీ." అతను చెప్పలేకపోయాడు. డిగ్రీలో గణితం చదివినవాడే.

ఇద్దరూ పాత సంఘం పుస్తకం వెనక అట్ట మీద రాసుకున్నారు. కార్డు నూటికి మూడున్నర, పన్నుతో నాలుగు దాటుతుంది. ఓవర్‌డ్రాఫ్టు రూపాయి పావలా. షోరూము వాయిదాలకు ఇక పెరిగే వడ్డీ లేదు, తేదీ తప్పకుండా ఉంటే చాలు. అమ్మ గొలుసు బ్యాంకులో పెడితే వచ్చే అప్పు ముప్పావలాకు కాస్త పైన. ఏది ముందు తీర్చాలో అట్ట మీదే తేలిపోయింది. బంగారం మీద 50,000 తెచ్చి కార్డు మొత్తం కట్టి, మూసేయమని రాతపూర్వకంగా అడిగారు. బాకీ లేని కార్డును ఏడు పనిదినాల్లో మూయకపోతే రోజుకు 500 చొప్పున బ్యాంకే వినియోగదారుడికి చెల్లించాలని 2022 నాటి నిబంధన ఉంది. మిగిలిన ఎనిమిది వేలలో వచ్చే నెల రెండు వాయిదాల మొత్తం, 3,800, వేరే ఖాతాలో పెట్టి వాయిదాలను ఆ ఖాతాకు మార్పించాడు. జీతం ఎప్పుడు పడ్డా రెండో తేదీ గండం పోయింది. మిగతాది ఓవర్‌డ్రాఫ్టుకు జమ చేశాడు. తర్వాత బ్యాంకుకు వెళ్లి పరిమితిని నెలనెలా కొంత కొంత తగ్గించమని అడిగాడు. అక్కడి అధికారి అలాంటి కోరిక మొదటిసారి విన్నట్టు చూశాడట.

బంగారం అప్పు కూడా అప్పే. ఏడాది తిరగగానే వడ్డీ కట్టకుండా కొత్త కాగితం రాయించుకునే అలవాటు ఇక్కడ చాలా ఇళ్లలో ఉంది, గొలుసులు అలాగే వేలానికి పోతాయి. అప్పటికి పేరుకున్న వడ్డీ కడితేనే గడువు పొడిగించాలని 2025 జూన్ నాటి రిజర్వు బ్యాంకు ఆదేశాలు చెబుతున్నాయి. ఈ అబ్బాయి నెలకు 3,500 చొప్పున జమ చేస్తున్నాడు. ఫోను వాయిదాలు అయిపోయాయి, ఫ్రిజ్‌వి ఇంకా నాలుగు ఉన్నాయి. ఫోను వాయిదాలు ముగిసిన వారంలోనే షోరూము కార్డు పరిమితిని రెట్టింపు చేశామని సందేశం వచ్చింది.