మంచుకి మాడిన మొక్కలు: అపోహలు - వాస్తవాలు

డిసెంబరు వచ్చిందంటే పొద్దున్నే ఒడిశా కొరాపుట్ కొండల మీదున్న మా నర్సరీ గేటు దగ్గర ఎవరో ఒకరు క్యారీబ్యాగులో నల్లబడ్డ టమాటా ఆకులు పట్టుకుని నిలబడతారు. "రాత్రి మంచు పడ్డాది బాబూ, మొత్తం మాడిపోయింది." నేనడిగేది ఒకటే: రాత్రి చుక్కలు కనబడ్డాయా? బ్రహ్మాండంగా కనబడ్డాయంటారు. మరి పొగమంచు ఎక్కడిది?

తంటా అంతా మన మాటలో ఉంది. పొగలా కమ్మేదీ మంచే, గడ్డి మీది నీటిబొట్టూ మంచే, తెల్లారేసరికి ఆకు మీద ఉప్పు చల్లినట్టు పేరుకునేదీ మంచే. ఇక్కడి ఒడియావాళ్ళకి మూడింటికీ మూడు మాటలు: కుహుడి, కాకర, తుషార. కాకర అంటే వాళ్ళకి మంచుబొట్టు. కొత్తలో ఎవరో ఆ మాటంటే నేను కాకర విత్తనాలు తీసిచ్చాను. మొక్కను చంపేది మూడోది.

అపోహ: పొగమంచు కమ్మిన రాత్రి మొక్కలు కప్పాలి.

వాస్తవం: పొగమంచు, మబ్బు నేలకి దుప్పటి లాంటివి, వేడిని పైకి పోనివ్వవు. గాలి ఆడకుండా, ఆకాశం కడిగినట్టున్న రాత్రే ప్రమాదం. జనం సరిగ్గా ఆ రాత్రే నిశ్చింతగా పడుకుంటారు. ఫోన్‌లో 4 డిగ్రీలుందిగా అంటారు. అది మనిషి ఎత్తున ఉన్న గాలి లెక్క. అలాంటి రాత్రి నేలబారున మూడు నాలుగు డిగ్రీలు తక్కువుంటుంది. పైగా చల్లగాలి నీళ్ళలాగే పల్లానికి పారుతుంది. నర్సరీ పెట్టిన రెండో ఏడు, మట్టి బాగుందని పల్లంలో గెడ్డ (వాగు) పక్కనే టమాటా వేశాను. ఒక్క రాత్రిలో పోయింది. గట్టు మీద మిగిలిన నారు గుచ్చినవి మాత్రం నవ్వుతూ నిలబడ్డాయి. ఆ పొద్దు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు.

గాలి ఆడకుండా, ఆకాశం తేటగా ఉన్న సాయంత్రం ముందే మడికి తడి పెట్టండి, తడినేల వేడి దాచుకుంటుంది. పొద్దు వాలకముందే పాత చీరో గోనెపట్టో నేల దాకా కప్పండి. పాలిథిన్ ఆకుకి తగిలితే తగిలినచోటల్లా మాడుతుంది. ఎండ రాగానే తీసేయండి.

అపోహ: వీడియోలో చెప్పినట్టు "ఆఖరి మంచు తేదీ" చూసుకుని నాటాలి.

వాస్తవం: అంటే చలికాలం చివర ఆఖరిసారి తుషార పడే తేదీ. ఆ లెక్క అమెరికాలాంటి చలిదేశాలది. అక్కడా అది సగటు తేదీయే, దాటాక కూడా మంచు పడొచ్చు. అందుకే అక్కడ చాలామంది మే రెండో ఆదివారం దాకా టమాటా నాటరు. సెమిలిగుడ, పొట్టంగి వైపు మనకి తుషార వస్తే డిసెంబరు, జనవరిల్లోనే. దసరాలోపు నారు నాటితే ఆ చలికి ముందే కాయ పట్టేస్తుంది. అలాగని సాలూరు చుట్టాల్ని చూసి సంక్రాంతికే బీర, ఆనప గింజలు పెట్టకండి. వాళ్ళది మైదానం, మనం సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నాం. చల్లటి నేలలో గింజ మొలవదు, కుళ్ళుతుంది. తర్వాత విత్తనం మంచిది కాదని నామీద పడతారు. చలి శివరాత్రికి శివశివా అంటూ పోతుందని పెద్దలన్నారుగా, అప్పుడు పెట్టండి.

పొగ పెడితే మొక్క బతుకుతుందా? దగ్గొస్తుంది. క్యాబేజీ, బఠాణీలకి భయమా? బఠాణీ పూతకి, లేతకాయకి మాత్రమే.

ఇక ఆ క్యారీబ్యాగు వాళ్ళకి: ఏడుస్తూ మొక్క పీకేయకండి. కాండం గోటితో గీరి చూడండి. లోపల పచ్చగా ఉంటే మాడిన ఆకుల్ని అలాగే ఉంచి పది రోజులు ఆగండి, చిగురెక్కడ వేస్తుందో చూసి దాని పైకి కత్తిరించండి.