ఇరుసు వెనక బరువు: సైకిళ్లు, ట్రైలర్, అరకు ఘాట్

కిందటి డిసెంబరులో ఒక శనివారం సాయంత్రం, విశాఖ ఎం.వి.పి. కాలనీలోని మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, స్నానాల గదిలో ఉండే బరువు చూసుకునే మిషనును ట్రైలర్ నొగ కొన కింద పెట్టాము. కారు హిచ్ (ట్రైలర్‌ను తగిలించడానికి కారు వెనక బిగించే ఇనుప అమరిక) బంతి ఎంత ఎత్తున ఉంటుందో కొన కూడా అంతే ఎత్తుకు వచ్చేలా మిషను మీద ఒక చెక్కదిమ్మను నిలబెట్టి, నొగను మెల్లగా దాని మీదికి దించాము. ముల్లు కాసేపు ఊగి 60 దగ్గర ఆగింది. గుడారాలు, వంట సామాను, నీళ్ల డబ్బాలతో కలిపి ట్రైలర్ మొత్తం బరువు 600 కిలోలు. అంటే అందులో పదో వంతు ముక్కు మీద, అంటే నొగ కొన మీద, పడుతోంది. "బాగానే ఉంది బావా, ఇక సైకిళ్లు తగిలించేద్దాం" అన్నాడు మా బావమరిది. అంతకుముందు అరకు ప్రయాణంలో నేనూ అలాగే అనుకుని ఒక సైకిలు చక్రాన్ని సొట్ట పెట్టుకున్నాను కనుక, ఈసారి కాగితం, పెన్సిలు తెచ్చుకుని కూర్చున్నాను.

ముక్కు మీద ఎంత బరువు ఉండాలన్నది ఎడ్లబండి మీద బస్తాలు వేసే రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. బస్తాలన్నీ ముందుకు వేస్తే కాడి ఎద్దుల మెడలను నలిపేస్తుంది, వెనక్కి వేస్తే కాడి పైకి లేచి, మెడకు కట్టిన పట్టెడ గొంతును నొక్కుతుంది. అందుకే అతను బస్తా వేసిన ప్రతిసారీ కాడిని చేత్తో ఎత్తి చూసుకుంటాడు. కారు వెనక ట్రైలర్‌ది కూడా అదే లెక్క. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముక్కు మీద ఉండాలని అమెరికాలో సాధారణంగా చెబుతారు. ఐరోపాలో అంతకన్నా తక్కువ శాతంతోనే లాగుతారు, అయితే అక్కడ వేగపరిమితులు, ట్రైలర్ల నిర్మాణం వేరు.

సైకిళ్ల ర్యాకును కూడా అదే హిచ్‌కు తగిలించినప్పుడు మనం సాధారణంగా కిలోలు కూడి ఊరుకుంటాము. మా సైకిళ్లు రెండు, ఒక్కొక్కటి 14 కిలోలు. ర్యాకు 18 కిలోలు. అన్నీ కలిపితే 46. ముక్కు బరువు 60తో చేర్చితే 106 కిలోలు. మా హిచ్ 100 కిలోలు మోయగలదని దాని మీద అచ్చు వేసి ఉంది. ఆరు కిలోలే కదా ఎక్కువ, ఏమవుతుందిలే అనిపిస్తుంది. ఆ 100 కిలోల అంకె బంతి ఉండే చోటికి మాత్రమే వర్తిస్తుందన్న సంగతి అప్పుడు గుర్తుకు రాదు.

క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో ఆర్కిమిడీస్ నిరూపించిన తులాదండ సూత్రం ఇక్కడ అక్షరాలా పని చేస్తుంది: బరువు చూపే ప్రభావం ఆ బరువును దాని దూరంతో గుణిస్తే వచ్చేది. మన పాఠ్యపుస్తకాల్లో దీనినే బల భ్రామకం అంటారు. బంతి ఉన్న కడ్డీ కారు కింద బిగించిన హిచ్ గొట్టంలోకి దూరుతుంది; మా హిచ్ గొట్టం మూతి నుంచి బంతి 25 సెంటీమీటర్ల వెనక ఉంది. అక్కడ 100 కిలోలంటే గొట్టం మూతి దగ్గర 25 కిలోగ్రామ్-మీటర్ల వంపు బలం. మా ట్రైలర్ ముక్కు వాడుకునేది 15 మాత్రమే. సైకిళ్లు, ర్యాకు కలిసి మోపే భారం మాత్రం మూతి నుంచి 55 సెంటీమీటర్ల వెనక పడుతోంది, 46ను 0.55తో గుణిస్తే 25 దాటింది. ఆరు వందల కిలోల ట్రైలర్ కన్నా రెండు సైకిళ్లే హిచ్‌ను ఎక్కువగా వంచుతున్నాయి! రెండూ కలిస్తే 40, అంటే హిచ్ తట్టుకోవలసిన దానికి 1.6 రెట్లు. హిచ్‌ను పొడిగించే గొట్టాలు అమ్మేవారు వాటితో మోయగల బరువును బాగా తగ్గించి చెప్పడానికి కారణం ఇదే.

ఇదంతా బండి నిలిచి ఉన్నప్పటి మాట. స్పీడ్ బ్రేకరు మీద వెనక చక్రాలు ఎగిరి పడినప్పుడు అదే బరువు ఒక్క క్షణం రెట్టింపు కావచ్చు. అలాంటి కుదుపులు వేల సార్లు తగిలాక, ఒక్కసారిగా విరగని ఇనుము కూడా వెల్డింగు అంచున వెంట్రుకంత పగులు తెచ్చుకుంటుంది. విశాఖలో దీనికి ఉప్పుగాలి తోడవుతుంది. బీచ్ రోడ్డుకు దగ్గరగా బండి నిలిపేవారు హిచ్ గొట్టం లోపలి భాగాన్ని టార్చి వేసి చూస్తే, పైన నల్లరంగు నిగనిగలాడుతున్నా లోపల తుప్పు పెచ్చులు కట్టి ఉండడం కనిపిస్తుంది. ఆటోనగర్‌లో వెల్డింగు చేయించుకున్న హిచ్ అయితే వెల్డింగు గీత వెంట వేలితో తడిమి చూడటం నా అలవాటు. మీరూ చూసుకోండి.

కారు విషయానికి వస్తే, వెనక ఇరుసు ఇక్కడ తూగుడుబల్ల ఆధారంలా పని చేస్తుంది. ఇరుసుకు వెనక ఉన్న ప్రతి బరువూ కారు ముందుభాగాన్ని కొద్దిగా పైకెత్తుతుంది. మా కారు ఇరుసుల మధ్య దూరం 2.7 మీటర్లు, వెనక ఇరుసు నుంచి బంతి 1.1 మీటర్లు, సైకిళ్ల భారం 1.4 మీటర్లు. లెక్క వేస్తే ముక్కు బరువు ముందు చక్రాల నుంచి 24 కిలోలు లాగేసుకుంటుంది, సైకిళ్లు కూడా దాదాపు అంతే లాగేసుకుంటాయి. మొత్తం 48 కిలోలు ముందు తగ్గి, వెనక 154 కిలోలు పెరుగుతాయి. చదును రోడ్డు మీద ఇది పెద్దగా తెలియదు. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు, పొగమంచుకు తడిసిన మలుపులో, ముందు చక్రాలతో లాగే కారుకు ఆ తేడా స్టీరింగు తేలికపాటులో తెలుస్తుంది. హెడ్‌లైట్లు కూడా పైకి లేచి ఎదుటివారి కళ్లలో పడతాయి, ఘాట్‌లో అది చిన్న విషయం కాదు.

సైకిలు చక్రం సొట్టపోయిన కథ ఇప్పుడు చెప్పాలి. అరకులోనే, వెడల్పు తక్కువ ఉన్న చోట ట్రైలర్‌ను వెనక్కి తిప్పుతున్నాను. తిన్నగా ఉన్నప్పుడు సైకిళ్లకూ ట్రైలర్ పెట్టెకూ మధ్య 40 సెంటీమీటర్ల ఖాళీ ఉంది, అది చాలనుకున్నాను. స్టీరింగు మరికొంచెం తిప్పేసరికి కరకరమన్న శబ్దం వచ్చింది. దిగి చూస్తే సైకిలు ముందు చక్రం పెట్టె రేకుకు నొక్కుకుని ఉంది. తర్వాత కొలిచాను. బంతి నుంచి పెట్టె ముందు రేకు 90 సెంటీమీటర్లు. సైకిలు అడ్డంగా ఉంటుంది కనుక దాని చివర బంతికి 50 సెంటీమీటర్లు వెనకగా, 85 సెంటీమీటర్లు పక్కగా ఉంది. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం బంతి నుంచి ఆ చివర వరకు తిన్నటి దూరం దాదాపు 99 సెంటీమీటర్లు. ట్రైలర్ బంతి చుట్టూ తిరుగుతుంది. ఆ 99 సెంటీమీటర్ల వలయంలోకి పెట్టె రేకు వస్తే, ఏదో ఒక కోణంలో రెండూ కలవక తప్పదు. మా కొలతలకు ఆ కోణం సుమారు 35 డిగ్రీలు, వెనక్కి తిప్పేటప్పుడు తేలిగ్గా వచ్చేసేదే. నొగ 1.2 మీటర్లు ఉండి ఉంటే ఏ కోణంలోనూ తగిలేది కాదు. ర్యాకు కొనేముందు చూడవలసిన కొలత ఇదే, తిన్నగా నిలిపినప్పుడు కనిపించే ఖాళీ కాదు. బండి గుంతలో దిగినప్పుడు పెట్టె ముందుకు వంగుతుందన్నదీ లెక్కలో ఉంచుకోవాలి: బంతికి 1.2 మీటర్ల పైన ఉన్న పెట్టె అంచు, 10 డిగ్రీల వంపుకే 20 సెంటీమీటర్లు ముందుకు వస్తుంది.

అయితే ర్యాకును ట్రైలర్ వెనక తగిలిస్తే సరిపోతుంది కదా అని మా బావమరిది అడిగాడు. చాలామందికి తోచే ఉపాయమే, అన్నిటిలోకీ ప్రమాదకరమైనదీ ఇదే. ట్రైలర్ ఇరుసుకు 1.3 మీటర్ల వెనక 46 కిలోలు వేలాడితే, ఇరుసు నుంచి బంతికి 2 మీటర్లు కనుక, ముక్కు మీది బరువు 30 కిలోలు తగ్గిపోతుంది. 60లో సగం పోయింది. 646 కిలోల బండికి ముక్కు మీద 30 కిలోలంటే 5 శాతం కూడా లేదు. రైతు భాషలో కాడి పైకి లేస్తోందన్నమాట.

అలా ముక్కు తేలికైన ట్రైలర్ వేగం పెరిగాక తోక ఆడించడం మొదలుపెడుతుంది. జాతీయ రహదారి 16 మీద ఒక పెద్ద లారీ దాటి వెళ్లినప్పుడు వీచే గాలి దానికి చాలు. ట్రైలర్ పక్కకు ఊగినప్పుడు దాన్ని తిరిగి తిన్నగా తెచ్చేది టైర్లు రోడ్డు మీద వేసే పక్క పట్టు. ఆ పట్టు టైరు ఎంత కోణంలో జారుతోందన్న దాని మీద ఆధారపడుతుంది, ఆ కోణమేమో పక్కకు కదిలే వేగాన్ని ముందుకు వెళ్లే వేగంతో భాగిస్తే వచ్చేది. ముందుకు వెళ్లే వేగం రెట్టింపయితే అదే ఊపుకు కోణం సగమవుతుంది, ఊపును అణచే బలమూ సగమవుతుంది. ఒక వేగం దాటాక ప్రతి ఊపూ ముందటి దానికన్నా పెద్దదవుతుంది. ఇరుసుకు దూరంగా ఉన్న బరువు ఇక్కడ మరింత హాని చేస్తుంది, ఎందుకంటే తిరగడాన్ని ఆపకుండా పట్టి ఉంచే జడత్వ భ్రామకం దూరపు వర్గంతో పెరుగుతుంది: 1.3 మీటర్ల దూరాన ఉన్న సైకిలు, 30 సెంటీమీటర్ల దూరాన ఉన్న అదే సైకిలు కన్నా దాదాపు 19 రెట్లు మొండిగా ఊగుతుంది. ఊపు మొదలయినప్పుడు చేయవలసిందల్లా స్టీరింగును తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయడం. గట్టిగా బ్రేకు వేస్తే వెనక బండి ముందు బండిని తోసి పక్కకు మడతపడుతుంది.

చిన్న సంగతులు మరో రెండు. సైకిలు టైరు సైలెన్సర్ గొట్టం ఎదురుగా ఉండకూడదు, ఘాట్‌లో వచ్చే వేడి పొగకు రబ్బరు మెత్తబడుతుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం నిర్వచనంలో ట్రైలర్ కూడా మోటారు వాహనమే కనుక, దాని నంబరు పలక, వెనక దీపాలు దేని చాటునా ఉండకూడదు.

చివరికి ర్యాకును ఇంట్లోనే వదిలేశాము. సైకిళ్ల చక్రాలు విప్పి, దుప్పట్లు చుట్టి, ట్రైలర్ లోపల సరిగ్గా ఇరుసు పైన పడుకోబెట్టాము. ఇరుసు మీద పెట్టిన బరువు ముక్కును ఎత్తదు, దించదు. ర్యాకు 18 కిలోలూ మిగిలాయి. మిషనును మళ్లీ నొగ కింద పెడితే ముల్లు అదే 60 దగ్గర నిలిచింది. అయితే ఇప్పుడు అది 628 కిలోలకు పదో వంతు కన్నా కాస్త తక్కువ. నీళ్ల డబ్బా ఒకదాన్ని జానెడు ముందుకు జరిపాక 62 చూపించింది.