‘ఇందులో ఉపమాలంకారం ఉంది’... సరే, అయితే ఏంటి? – తెలుగు పేపరు మీద అపోహలు, వాస్తవాలు

మొన్న ఇంటర్నల్స్ పేపర్లు దిద్దుతూ కూర్చున్నాను. మొత్తం 42. ఈ వేమన పద్యం ఇచ్చి, దీని గురించి ఒక పేజీ రాయమన్నాను.

ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు
చూడచూడ రుచుల జాడ వేరు
పురుషులందు పుణ్యపురుషులు వేరయా
విశ్వదాభిరామ వినురవేమ

ముప్పై మందికి పైగా ‘విశేషం’ దగ్గర రాసింది ఒకటే: “ఈ పద్యంలో ఉపమాలంకారం ఉంది. అందువల్ల పద్యం ఎంతో అందంగా ఉంది.” దాని కింద ఉపమ లక్షణం. ఉపమేయం, ఉపమానం, సమాన ధర్మం, ఉపమావాచకం నాలుగూ వరసగా, కింద గీతలు గీసి మరీ రాశారు. దాని కింద వ్యాకరణ పుస్తకంలో ఉదాహరణ: “ఓ కృష్ణా! నీ కీర్తి హంసవలె ఆకాశగంగయందు మునుగుచున్నది.” వేమన ఉప్పుకి, కృష్ణుడి కీర్తికి సంబంధం ఏమిటో ఒక్కరూ చెప్పలేదు. నేను చదువుకునే రోజుల నుంచీ ఆ హంస మునుగుతూనే ఉంది, పాపం.

చెన్నైలో డిగ్రీ పిల్లలకు పార్ట్ వన్ తెలుగు, అంటే వాళ్లు ఎంచుకునే భాషా పేపరు, చెబుతున్నాను. కొందరు నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్లు. కొందరు తాతల కాలం నుంచి ఇక్కడే ఉన్న తెలుగువాళ్ల పిల్లలు. ఎక్కడివాళ్లైనా ఈ అపోహ మాత్రం ఒకటే: అలంకారం పేరు, లక్షణం రాసేస్తే విశ్లేషణ అయిపోయినట్టే. పిల్లల మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

ముందు, ఇక్కడ పేరే తప్పు. ‘పోలిక’ అనే మాట కనబడగానే ఉపమ అనేశారు. ఉప్పు, కర్పూరం చూపుకి ఒకలా ఉంటాయని చెప్పడానికి వచ్చిన మామూలు మాట అది. ఉప్పు, కర్పూరం సంగతి ఒక వాక్యం. మనుషులు, పుణ్యపురుషుల సంగతి ఇంకో వాక్యం. మధ్యలో ‘వలె’ లేదు, ‘లాగా’ లేదు. రెండూ బింబం, ప్రతిబింబంలా ఎదురెదురుగా నిలబడ్డాయి. దీన్ని దృష్టాంతం అంటారు.

అయితే దృష్టాంతమని సరిగ్గా రాసిన నలుగురికి కూడా నేను మార్కులు పెద్దగా వేయలేదు. వాళ్ల రెండో వాక్యం కూడా “అందువల్ల పద్యం ఎంతో అందంగా ఉంది” అనే. ఏ అందం? ఎక్కడుంది? అది చెప్పమనే కదా ప్రశ్న.

పేరు రాశాక ఒక్క ప్రశ్న వేసుకోండి. కవి ఈ మాటే మామూలుగా చెప్పేసి ఉంటే ఏం పోయేది? “అందరూ మంచివాళ్లు కారు, మంచివాళ్లు వేరే ఉంటారు” అని వేమన ఊరుకోవచ్చు. అప్పుడు రెండూ తెల్లగా ఉంటాయన్న సంగతి పోయేది. ఇనుము, బంగారం అని ఉంటే ఈ పద్యం నిలవదు, ఆ తేడా చూడగానే తెలిసిపోతుంది. ఇక్కడ కన్ను మోసపోవాలి. అందుకే ఏరి ఏరి ఆ రెంటినీ తెచ్చాడు. పైగా ఒకటి రోజూ కూరలో వేసేది, ఇంకోటి చిటికెడు కొనాలన్నా చెయ్యి వెనక్కి పోయేది. ఆ తర్వాత ‘చూడచూడ’ అన్నాడు. ఒక్కసారి చూస్తే తెలియదు, చూడగా చూడగా తెలుస్తుంది. మనుషుల సంగతీ అంతేగా. ఇదంతా మీ మాటల్లో నాలుగు వాక్యాలు రాసి, అలంకారం పేరు మర్చిపోయినా నేను మార్కులు వేస్తాను. పేరు ఒక్కటే రాస్తే మాత్రం నా పెన్ను ముందుకి కదలదు.

పేపర్లు ఇచ్చిన రోజు ఒక అబ్బాయి లేచాడు. “మేడమ్, కర్పూరానికి రుచి ఏంటి? అది తింటారా ఎవరైనా?” క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. వాడికి తెలిసిన కర్పూరం హారతి పళ్లెంలోదే. మర్నాడు మైలాపూర్‌లో నాట్టు మరుందు కడైకి (నాటు మందుల కొట్టుకి) వెళ్లి పచ్చకర్పూరం కొనుక్కొచ్చాను. కాగితం మీద ఒక పక్క కల్లుప్పు, ఇంకో పక్క అది పెట్టి బెంచీల మధ్య తిప్పాను. చక్కెర పొంగలిలో, తిరుపతి లడ్డూలో వేసేది ఇదేనని చెప్పి, ఆవగింజంత నాలిక మీద పెట్టుకోమన్నాను. వాళ్ల మొహాలు చూడాలి! (హారతి కర్పూరం వేరు, దాన్ని నోట్లో పెట్టుకోకండి. ఇది రాయకపోతే ఎవరో ఒకరు ప్రయత్నిస్తారు.) అర్థం కాని మాటకి అలంకారం వెతకడం దండగ. కప్పురం అంటే కర్పూరమేనని, అది వికృతి అని తెలియనివాళ్లు కూడా ఆ 42 మందిలో ఉన్నారు. వాళ్లు కూడా ఉపమ అని రాసేశారు.

ఇంకో అపోహ: పుస్తకంలో ఉన్న ప్రతి మాటా రచయిత అభిప్రాయమే. “పొగతాగనివాడు దున్నపోతై పుట్టున్” అన్న పద్యపాదం ఇచ్చి సందర్భసహిత వ్యాఖ్య రాయమంటే, “గురజాడ వారు ఈ పద్యంలో ధూమపానాన్ని ప్రబోధించారు” అని రాసిన మహానుభావుడు ఉన్నాడు. కన్యాశుల్కంలో ఆ మాట గిరీశం నోటి నుంచి వస్తుంది. 1892లో విజయనగరంలో ఆడి, 1897లో అచ్చయిన ఆ నాటకంలో గిరీశం ఏ మాటన్నా ముందు వాడికేం లాభమో చూడాలి. పాత్ర మాట పాత్రది. కథలో ‘నేను’ అన్నంత మాత్రాన ఆ నేను రచయిత కానక్కర్లేదు. “కవి అన్నాడు” అని రాసే ముందు, ఈ మాట అన్నది ఎవరని ఒక్కసారి పైకి చూడండి.

అదే పద్యం ఇంకో పనికి కూడా వస్తుంది. ప్రాస అంటే లైను చివర ఒకే శబ్దం రావడం అనుకుంటారు, సినిమా డైలాగుల పుణ్యమా అని. అది అంత్యప్రాస. పద్యంలో ఉత్త ప్రాస అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం. గిరీశం చదివే ఆ కంద పద్యం నాలుగు పాదాలూ ఇలా మొదలవుతాయి: ఖగపతి, భుగభుగమని, పొగచెట్టై, పొగతాగనివాడు. రెండో అక్షరం అంతటా ‘గ’. స్కూల్లో తమిళం చదివిన మా పిల్లలకు ఇది చిటికెలో ఎక్కుతుంది, వాళ్ల ‘ఎదుగై’ ఇదే కాబట్టి. తమిళం చదివాం, తెలుగు ఛందస్సు రాదేమో అని భయపడేవాళ్లే ఇక్కడ ముందుంటారు. పైన ఇచ్చిన వేమన పద్యం ఆటవెలది, దానికి మాత్రం ప్రాస నియమం లేదు, వేమన ప్రాస తప్పాడని ఆయన మీద కేసు పెట్టకండి.

మిగతావి గబగబా. అడిషనల్ షీట్లు ఎక్కువ తీసుకుంటే మార్కులు ఎక్కువ, దిద్దేవాళ్లు చదవరు, పేజీలు లెక్కపెడతారు: ఏటా పరీక్షల ముందు వాట్సాప్‌లో తిరిగే మాట ఇది. మేం చదువుతాం. ఒకే పేరా మూడుసార్లు తిప్పి రాస్తే మూడుసార్లూ చదివి తిట్టుకుంటాం. రసాలు తొమ్మిదీ భరతుడే చెప్పాడని రాస్తారు. నాట్యశాస్త్రంలో ఎనిమిదే, శాంతం తర్వాత చేరింది. గ్రాంథికంలో రాస్తే గౌరవమని “కవి గారు వచించియున్నారు” అని మొదలుపెట్టి, రెండో లైనుకి “చెప్పాడు”కి దిగిపోతారు. మొదటి నుంచీ “చెప్పాడు” అనే రాయండి, ఎవరూ ఏమీ అనరు. కథంతా మళ్లీ చెప్పేయడం విశ్లేషణ కాదు. ఆ కథ నేను చదివే ఉన్నాను.

ఇక భయం సంగతి. పెరంబూర్ నుంచి వచ్చే ఒక అమ్మాయి జూన్‌లోనే నా దగ్గరికి వచ్చింది. “మాది మెడ్రాస్ తెలుగు మేడమ్, ఒత్తులు రావు, పేపర్ మార్చుకోవాలా?” అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇంట్లో మాట్లాడేది తెలుగే. అక్షరాలు మాత్రం నానమ్మ దగ్గర నేర్చుకుందట. చదివిందంతా తమిళం, ఆ లిపిలో ఒత్తక్షరాలు లేవు. భ, ధ దగ్గర చెయ్యి ఆగిపోతుంది. ఒత్తు పోతే అర మార్కు పోతుందేమో గానీ ఆలోచన ఎక్కడికీ పోదు, నువ్వు మార్చుకోకమ్మా అని పంపించాను.

ఆ 42 పేపర్లలో ఆమెదీ ఒకటి. ‘భావం’ అని రాయాల్సిన చోట ‘బావం’ అని ఉంది. నవ్వుకుంటూ కిందికి వచ్చాను. అలంకారం పేరు ఎక్కడా లేదు. ఇలా రాసింది: “కంటితో చూసేదీ చూడటమే. మా నానమ్మ సాంబారు గరిటెతో తీసి ఉప్పు చూడవే అంటది, అదీ చూడటమే. వేమన చూడచూడ అని రెండుసార్లు అన్నాడు. ఒక చూడ కంటికి, ఒక చూడ నాలిక్కి అని నాకు అనిపించింది.”

పెన్ను పక్కన పెట్టి పద్యం మళ్లీ చదివాను. తెలుగులో రుచి ‘చూస్తాం’. తమిళంలోనూ ‘రుసి పార్’ అనే అంటారు. ఇన్నేళ్లుగా ఈ పద్యం చెబుతున్నాను, నాకు తట్టలేదు. ‘బావం’లో బ కింద ఎర్ర ఇంకుతో ఒత్తు పెట్టి, 5కి 4 వేశాను.

పేపరు చేతికి వచ్చాక ఆ ఒక్కటీ ఎందుకు పోయిందని అడిగింది. ఒత్తుకేమో అనుకుంది. మొదట్లో గైడు చూసి బట్టీ పట్టిన కవి పరిచయం తొమ్మిది లైన్లు ఉంది మరి.