హ్యూమన్ ఫ్యాక్టర్స్ పరిశోధనకు సైటేషన్ల కొలబద్ద ఎలా వచ్చింది, ఎక్కడ సరిపోవడం లేదు

యంత్రాలను, పనులను మనిషి శరీరానికీ ఆలోచనకూ తగ్గట్టు తీర్చిదిద్దే హ్యూమన్ ఫ్యాక్టర్స్ రంగంలో పనిచేసే ఏ పరిశోధకుడి ప్రొఫైల్ తెరిచినా ముందు కంట్లో పడేవి అంకెలే. మొత్తం సైటేషన్లు (ఇతరుల పేపర్లలో వచ్చిన ప్రస్తావనలు), వాటి నుంచే లెక్కగట్టే హెచ్-ఇండెక్స్, కనీసం పది సైటేషన్లు వచ్చిన పేపర్లెన్నో చెప్పే ఐ10-ఇండెక్స్. ఉద్యోగం ఇచ్చే కమిటీ, నిధులు ఇచ్చే సంస్థ, గైడ్ కోసం వెతుకుతున్న విద్యార్థి, అందరూ అక్కడే మొదలుపెడతారు, చాలాసార్లు అక్కడే ఆగిపోతారు కూడా. ఈ అంకెలు మిగతా రంగాల సంగతి ఎలా ఉన్నా ఈ రంగానికి మాత్రం అన్యాయం చేస్తున్నాయని నేను గట్టిగా నమ్ముతాను. అది ఎలాగో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బీ-17 బాంబర్లకు ఒక వింత సమస్య వచ్చింది. విమానం క్షేమంగా నేలమీద దిగాక పైలట్ ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కదిలే పలకలు) ఎత్తబోయి చక్రాలు ఎత్తేసేవాడు, విమానం పొట్ట నేలకు ఆనుకునేది. రికార్డుల్లో ‘పైలట్ తప్పు’ అని రాసేవారు. ఆల్ఫాన్స్ చాపానిస్ అనే సైకాలజిస్టు కాక్‌పిట్‌లోకి వెళ్లి చూస్తే ఆ రెండు స్విచ్‌లూ దాదాపు ఒకేలా, పక్కపక్కనే ఉన్నాయి. పరిష్కారం చాలా చిన్నది: చక్రాల స్విచ్‌కు చిన్న చక్రం ఆకారం, ఫ్లాప్స్ స్విచ్‌కు రెక్కలాంటి ఆకారం తగిలిస్తే చూడకుండానే చేతికి తేడా తెలుస్తుంది. తర్వాత 1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ కలిసి పైలట్లు చెప్పిన 460 పొరపాట్లను సేకరించి, రకాలుగా విడదీసి, వీటిలో చాలావరకు మనిషి లోపం కాదు, డిజైన్ లోపం అని చూపించారు. ఈ రంగానికి పునాది రాళ్లలో ఇదొకటి, కానీ అది జర్నల్ పేపర్ కాదు, సైనిక ప్రయోగశాల వెలువరించిన ఒక రిపోర్టు. ఇది గుర్తుంచుకోండి, ముందుముందు పనికొస్తుంది.

బ్రిటన్‌లో 1949లో ఎర్గోనామిక్స్ రీసెర్చ్ సొసైటీ (అక్కడ ఈ రంగాన్ని ఎర్గోనామిక్స్ అంటారు), అమెరికాలో 1957లో హ్యూమన్ ఫ్యాక్టర్స్ సొసైటీ మొదలయ్యాయి. ‘ఎర్గోనామిక్స్’ జర్నల్ 1957లో, ‘హ్యూమన్ ఫ్యాక్టర్స్’ జర్నల్ 1958లో వచ్చాయి. సైకాలజీ నుంచి కొందరు, ఇంజనీరింగ్ నుంచి కొందరు, వైద్యం నుంచి కొందరు వచ్చి చేరారు, ఎవరి అలవాటు ప్రకారం వాళ్లు రాసుకున్నారు. సైకాలజిస్టులు జర్నల్‌లో వేసేవారు. ఇంజనీర్లు కాన్ఫరెన్స్ పేపరో, కంపెనీ రిపోర్టో రాసి వెంటనే తర్వాతి పనిలో పడేవారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంకో కథ మొదలైంది. అమెరికాలో లాయర్లకు 1873 నుంచి షెపర్డ్స్ సైటేషన్స్ అనే సూచిక ఉండేది. ఒక పాత తీర్పును తర్వాత ఏ తీర్పులు ప్రస్తావించాయో, అది ఇంకా చెల్లుతుందో లేదో అందులో చూసుకునేవారు. యూజీన్ గార్ఫీల్డ్ అది చూసి, సైన్స్‌కూ ఇలాంటిది ఉండాలని 1955లో ‘సైన్స్’ పత్రికలో రాశారు. ఆయన ఉద్దేశం ర్యాంకులు ఇవ్వడం కాదు. ఒక పేపర్‌లో తప్పుందని తర్వాత ఎవరైనా తేల్చి ఉంటే, ఆ సంగతి తెలియక అదే పేపర్‌ను ఇంకా వాడుకుంటూ పోయే ప్రమాదం తప్పించాలని. అంటే అది వెతికే పనిముట్టు. 1964లో ఆయన సంస్థ సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ను తెచ్చింది. దాని వెంట జర్నళ్లను పోల్చడానికి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ వచ్చింది, గత రెండేళ్లలో వచ్చిన పేపర్లకు ఈ ఏడాది సగటున ఎన్ని ప్రస్తావనలు దక్కాయో చెప్పే లెక్క. 1975 నుంచి ఆ లెక్కలు ప్రతి ఏటా విడిగా ప్రచురించారు. ఏ జర్నల్ తెప్పించుకోవాలో లైబ్రరీలు తేల్చుకోవడానికి అది బాగానే పనికొచ్చింది.

జర్నల్‌ను కొలిచే అంకె మెల్లగా మనిషిని కొలవడానికి దిగింది. 2004లో స్కోపస్, గూగుల్ స్కాలర్ అనే సైటేషన్ల డేటాబేస్‌లు రెండూ వచ్చాయి, అప్పటిదాకా లైబ్రరీలో చందా కట్టి చూడాల్సిన లెక్క గూగుల్ స్కాలర్‌తో ఎవరికైనా ఉచితంగా దొరకడం మొదలైంది. మరుసటి ఏడాది హోర్హె హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్ ప్రతిపాదించారు: కనీసం 20 సార్లు ప్రస్తావన పొందిన పేపర్లు 20 ఉంటే మీ హెచ్-ఇండెక్స్ 20. ఒకే అంకె మనిషి పనినంతా చెప్పలేదని, అది స్థూల అంచనా మాత్రమేనని హిర్ష్ ఆ పేపర్‌లోనే హెచ్చరించారు. అంకె వ్యాపించినంత వేగంగా హెచ్చరిక వ్యాపించలేదు.

ఇప్పుడు ఈ రెండు కథలను ఒకచోట పెట్టి చూద్దాం.

పాల్ ఫిట్స్ 1954లో ఒక పేపర్ రాశారు. చేతిని ఒక లక్ష్యం దగ్గరికి చేర్చడానికి పట్టే సమయం ఆ లక్ష్యం ఎంత దూరంలో ఉంది, ఎంత వెడల్పుగా ఉంది అన్నదాని మీద ఎలా ఆధారపడుతుందో ఒక సూత్రంగా చెప్పారు. ఫిట్స్ 1965లో చనిపోయారు. కంప్యూటర్ మౌస్‌ను ఎంగెల్‌బార్ట్ జనం ముందు ప్రదర్శించింది 1968లో. మౌస్, జాయ్‌స్టిక్, కీలు వీటిలో దేనితో త్వరగా ఎంచుకోగలమో తేల్చడానికి కార్డ్, ఇంగ్లిష్, బర్ అనే ముగ్గురు జిరాక్స్ పరిశోధకులు ఫిట్స్ సూత్రాన్ని వాడింది 1978లో. అంటే పేపర్ వచ్చిన 24 ఏళ్లకు, రాసిన మనిషి పోయిన 13 ఏళ్లకు. అక్కడి నుంచి స్క్రీన్ మీద బటన్ ఎంత పెద్దదిగా ఉండాలి అనే ప్రతి చర్చలోనూ ఆ పేపర్ కనిపిస్తూనే ఉంది. రెండేళ్ల కిటికీలోంచి చూసే లెక్క దీన్ని ఎలా పట్టుకుంటుంది?

ఈ రంగంలో కుప్పలుగా సైటేషన్లు వచ్చేవి చాలావరకు పనిముట్లకు. శాండ్రా హార్ట్, లోవెల్ స్టేవ్‌ల్యాండ్ 1988లో వివరించిన నాసా-టీఎల్ఎక్స్ తీసుకోండి. ఒక పని చేసినవాళ్లను మానసిక శ్రమ, శారీరక శ్రమ, సమయం ఒత్తిడి, ఫలితం, ప్రయత్నం, చిరాకు అనే ఆరు అంశాల మీద మార్కులు వేయమని, పనిభారాన్ని అంచనా వేసే పద్ధతి అది. అలాగే జాన్ బ్రూక్ 1986లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేస్తూ తయారుచేసిన ఎస్‌యూఎస్, ఒక వస్తువు వాడటానికి ఎంత సులువో అడిగే పది వాక్యాల ప్రశ్నావళి, పదేళ్ల తర్వాత 1996లో అచ్చయింది. రెండూ పుస్తకాల్లో అధ్యాయాలుగా వచ్చినవే. సర్జరీ గది మీద రాసినా, డ్రోన్ మీద రాసినా, మొబైల్ యాప్ మీద రాసినా పద్ధతుల విభాగంలో వీటిలో ఒకటి తప్పకుండా తగులుతుంది. ఇవి గొప్ప పనులు, అందులో నాకు అనుమానం లేదు. కానీ చాలామంది ఆ అధ్యాయంతో వాదించడానికో దాన్ని ముందుకు తీసుకెళ్లడానికో ప్రస్తావించరు, ప్రశ్నావళి వాడాం కాబట్టి పేరు రాస్తారు. ఒక సిద్ధాంతం మీద పదేళ్లు పనిచేసినవాళ్లను ఆ అంకెతో పోలిస్తే పోలికే తప్పవుతుంది.

ప్రస్తావించడం అంటే ఒప్పుకోవడం కూడా కాదు. మైకా ఎండ్స్లీ 1995లో సిచ్యుయేషన్ అవేర్‌నెస్ మీద రాసిన పేపర్, అంటే చుట్టూ ఏం జరుగుతోందో గ్రహించి, దాని అర్థం తెలుసుకుని, తర్వాత ఏమవుతుందో ఊహించే శక్తి గురించి రాసినది, ఈ రంగంలో అందరికీ తెలిసినదే. 2004లో డెక్కర్, హోల్‌నాగెల్ ఇలాంటి భావనలు కచ్చితమైన శాస్త్రం కాదని విమర్శించారు, 2008లో పరశురామన్, షెరిడాన్, వికెన్స్ గట్టిగా సమర్థిస్తూ జవాబు రాశారు. ఈ వాదన వల్ల రంగానికి చాలా మేలు జరిగిందని నా ఉద్దేశం, కానీ సైటేషన్ల లెక్కలో పొగడ్తా ఒకటే, తెగడ్తా ఒకటే.

ఏ డేటాబేస్ చూస్తున్నామన్నది ఇంకో చిక్కు. గూగుల్ స్కాలర్ రిపోర్టులు, థీసిస్‌లు, కాన్ఫరెన్స్ పేపర్లు అన్నీ కలిపేస్తుంది, గార్ఫీల్డ్ ఇండెక్స్ నుంచి పెరిగిన వెబ్ ఆఫ్ సైన్స్ ఎక్కువగా ఎంపిక చేసిన జర్నళ్ల మీద ఆధారపడుతుంది. ఫిట్స్-జోన్స్ రిపోర్టులాంటివి ఎక్కడ నిలబడతాయో మీరే ఊహించుకోవచ్చు. ఒకే మనిషికి రెండు చోట్ల రెండు హెచ్-ఇండెక్స్‌లు ఉంటాయి, కమిటీలో ఎవరు ఏది తెరిచారన్నదాన్ని బట్టి అతని స్థాయి మారిపోతుంది.

అసలు లెక్కకే రానివి ఉన్నాయి, నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. కారు వెనక అద్దం దగ్గర పైన వెలిగే మూడో బ్రేక్ లైటు సంగతి చూడండి. జాన్ వోయెవోద్‌స్కీ అనే సైకాలజిస్టు శాన్‌ఫ్రాన్సిస్కో టాక్సీలకు వెనక వైపు అదనపు హెచ్చరిక లైటు పెట్టి, వెనక నుంచి గుద్దుకునే ప్రమాదాలు తగ్గాయని 1974లో ప్రచురించారు. తర్వాత మరిన్ని పరీక్షలు జరిగాయి, అమెరికాలో 1986 మోడల్ కార్ల నుంచి ఆ లైటు తప్పనిసరి అయింది. అక్కడి రోడ్డు భద్రత సంస్థ 1998లో వేసిన లెక్క ప్రకారం దీర్ఘకాలంలో అలాంటి ప్రమాదాలు 4.3 శాతం తగ్గాయి. కారు తయారుచేసేవాడు లైటు బిగిస్తాడు, ఫుట్‌నోట్ రాయడు. ప్రమాణాల సంగతీ అంతే: మౌస్‌లాంటి పరికరాలను పరీక్షించే ఐఎస్ఓ 9241-9 అనే అంతర్జాతీయ ప్రమాణం 2000లో వచ్చినప్పుడు ఫిట్స్ పద్ధతినే ఆధారం చేసుకుంది, ఆ ప్రమాణాన్ని పాటించి పరికరాలు పరీక్షించుకున్న కంపెనీలేవీ ఏ సైటేషన్ ఇండెక్స్‌లోనూ కనిపించవు.

ఈ అంకెల మీద అసంతృప్తి ఇప్పుడు ఒక్క మన రంగానిదే కాదు. 2012 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలై తర్వాతి ఏడాది బయటికొచ్చిన, పరిశోధన మూల్యాంకనం మీద డోరా ప్రకటన, జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో మనుషుల్ని కొలవొద్దంది. 2015లో లైడెన్ మేనిఫెస్టో, అంకెలు నిపుణుల తీర్పుకు తోడుగా ఉండాలి తప్ప దాని స్థానంలో కూర్చోకూడదని చెప్పింది. బ్రిటన్‌లో రాయల్ సొసైటీ 2019లో కథనం రూపంలో రాసే రెజ్యూమె నమూనా ఇచ్చింది: ఏం కనిపెట్టారు, ఎవరిని తయారుచేశారు, సమాజానికి ఏం ఉపయోగపడింది అని మాటల్లో అడుగుతుంది. హ్యూమన్ ఫ్యాక్టర్స్ వాళ్లను పరిశీలించే కమిటీలు ముందు దీన్నే అడగాలి. ఏ ప్రమాణంలో ఈ మనిషి పని చేరింది, ఏ కంట్రోల్ ప్యానెల్ మారింది, ఏ ప్రమాద విచారణ నివేదిక వాడుకుంది అని అడిగి, ఆ జవాబులు చదివాక కావాలంటే హెచ్-ఇండెక్స్ వైపు చూడొచ్చు.