శివారుకు నీళ్ళు అందాయా?

చిరంజీవులు అమ్ములుకు, బుజ్జిగాడికి తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. ఫోనులో అడగకుండా కాగితం మీద రాసి పంపారు, సంతోషం. అమ్ములూ, నువ్వు అడిగిన ప్రశ్నను మీ అమ్మమ్మకు కూడా చదివి వినిపించాను. "అమ్మకు ఆఫీసులో ప్రమోషన్ వచ్చింది. ఇప్పుడు తన కింద పన్నెండు మంది ఉన్నారు. అంతమంది చేస్తుంటే అమ్మకు పని తగ్గాలి కదా తాతయ్యా, ఇదివరకటి కంటే ఆలస్యంగా ఎందుకు వస్తోంది?" అని రాశావు.

లెక్క ప్రకారం నువ్వు అడిగింది సబబే. ఈ విషయం మీద పుస్తకాలు మీ అమ్మ అలమరలో చాలా ఉన్నాయి, నేను వాటి జోలికి పోను. ఈ వారమే కాలువలకు నీళ్ళు వదిలారు. మీరు వేసవి సెలవుల్లో దిగి క్రికెట్ ఆడారే, ఆ ఎండు కాలువే ఇప్పుడు నిండుగా పారుతోంది. నీ ప్రశ్నకు జవాబు ఆ గట్టు మీద కూర్చునే రాస్తున్నాను.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరిని నిలిపి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువల్లోకి నీరు వదులుతారు. మూడింటి కింద కలిపి దాదాపు 10 లక్షల ఎకరాలు సాగవుతాయి. పెద్ద కాలువలోంచి చిన్న కాలువలోకి, దాని గట్టులో ఉన్న తూములోంచి బోదెలోకి, బోదెలోంచి చేలోకి నీరు చేరుతుంది. బోదె చిట్టచివర ఉన్నవి శివారు పొలాలు. మనది శివారే.

బోదెలోకి కొత్త నీరు రావడం మీరు ఎప్పుడూ చూడలేదు. మనిషి నడక కంటే నెమ్మదిగా వస్తుంది. ముందు ఎండుటాకులు, కొబ్బరి పీచు, గడ్డిపరకలు, వాటి మధ్య నురగ ఒక వరసగా కదులుతూ వస్తాయి. ఆ పరకల మీద చీమలు అటూ ఇటూ పరుగులు పెడుతుంటాయి. ఆ వెనకాల మట్టి నీళ్ళు. బోదె అడుగు వేసవికి నెర్రెలు విచ్చి ఉంటుంది కదా, నెర్రె దగ్గరకు వచ్చేసరికి నీళ్ళు ఆగిపోతాయి. లోపలి గాలి బుడబుడమని పైకి వస్తుంది. ఆ నెర్రె కడుపు నిండితే గాని నీరు ముందుకు కదలదు. తూము దగ్గర నిండుగా బయలుదేరిన నీళ్ళు మా మడికి చేరేసరికి పాదం తడిసేటంత ఉంటే గొప్ప.

రోజు కూడా ఇలాగే పారుతుందమ్మా. పొద్దున తూము దగ్గర చూస్తే బోలెడంత ఉన్నట్టే కనిపిస్తుంది. ఫోను చూసుకోవడం, నిన్నటి కాగితం ఎక్కడ పెట్టామో వెతుక్కోవడం, పక్కవాళ్ళతో రెండు మాటలు, ఈ నెర్రెలు కొంత తాగేస్తాయి. ఆ తర్వాత ఎగువ చేలు ఉంటాయి. అంటే గట్టిగా అరిచి అడిగే పనులు. అవి కడుపునిండా తాగుతాయి. ఎవరూ తొందరపెట్టని పనులు శివారులో ఉండిపోతాయి. మీ అమ్మ నేర్చుకుంటానన్న వీణ ఆ శివారులోనే ఎండుతోంది.

నా చిన్నతనంలో దాళ్వాకు, అంటే రెండో పంటకు, నీళ్ళు చాలనప్పుడు వంతులు పెట్టేవారు. మా వంతు ఎప్పుడూ అర్ధరాత్రే వచ్చినట్టు గుర్తు. నాన్నగారు పార భుజాన వేసుకుని ముందు నడిచేవారు, నేను లాంతరు పట్టుకుని వెనక. బోదె వెంట ఎగువకు పోతే ఎక్కడో ఒకచోట ఎవరో గడ్డీ మట్టీ కుక్కి అడ్డుకట్ట వేసి ఉండేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. నాన్నగారు మాత్రం ఆ మట్టిని పారతో తీసి పక్కన పెట్టి, "వాళ్ళ మడీ ఎండుతోందిరా" అనేవారు. కప్పల గోల, దోమలు, నిద్ర. లాంతరు వెలుగుకు పీతలు గట్టు కన్నాల్లోంచి తొంగి చూసేవి. నేను గట్టు మీదే నిద్రపోతే ఆయన తన కండువా కప్పేవారు.

ఆ కాలువకు ఒక లస్కరు ఉండేవాడు. గట్లనూ తూములనూ కనిపెట్టుకుని ఉండడం లస్కరు పని. అతను రోజూ పొద్దున్నే సైకిలు మీద తిన్నగా శివారుకు వచ్చేవాడు. మా మడిలో నీళ్ళు చూసుకుని, అప్పుడు ఎగువకు తొక్కుకుంటూ వెళ్ళేవాడు. తూము దారిలోనే ఉంది కదా, అక్కడ ఆగకుండా ఇంత దూరం రావడం దేనికని నాకు వింతగా ఉండేది. ఒకనాడు అడిగేశాను.

"ఎగువ వాళ్ళకు అందకపోతే మా ఇంటికొచ్చి మరీ అరుస్తారు బాబూ. శివారు వాళ్ళు నా దాకా వచ్చేసరికి ఆకుమడి ఎండిపోతుంది. ఇక్కడ నీళ్ళుంటే మధ్యలో అందరికీ అందినట్టే" అన్నాడు.

తర్వాత నేను బ్యాంకులో చేరాను. అక్కడ మాకు ఒక మేనేజరు ఉండేవారు. తలుపులు తెరవకముందే గుమాస్తాలందరిలోకీ కొత్తగా చేరిన కుర్రవాడి బల్ల దగ్గరకు వెళ్ళి, "నిన్న ఏది అర్థం కాలేదు?" అని అడిగేవారు. "అంతా అర్థమైందా?" అని అడిగితే ఎవరైనా తల ఊపేస్తారు. ఏది అర్థం కాలేదని అడిగితే చెప్పక తప్పదు. ఆయనకూ శివారు పొలం ఉండి ఉంటుందని నా అనుమానం.

ఇప్పుడు మీ అమ్మ సంగతి. మీ అమ్మ తన చేను బాగా పండించుకుంటుందనే ఆమెను లస్కరును చేశారు. చిక్కు అక్కడే వచ్చింది. చేను చేతిలోంచి వదలలేదు, లస్కరు పని నెత్తిన పడింది. పన్నెండు మందిలో ముగ్గురో నలుగురో ఎగువ రైతులుంటారు. వాళ్ళు పొద్దుటి నుంచీ పిలుస్తూనే ఉంటారు. వాళ్ళందరికీ సమాధానం చెప్పి, సాయంత్రం అందరూ వెళ్ళాక తన చేను దమ్ము చేసుకోవడం మొదలుపెడుతుంది. ఇంటికి ఆలస్యం కాక ఏమవుతుంది? లస్కరు తన మడిలో దిగి కూర్చుంటే తూము దగ్గర ఎవరుంటారు? పనిని తనకంటే కాస్త వంకరగా చేసే మనిషికి అప్పగించి, చూస్తూ ఊరుకోవడం చాలా కష్టం. నాకు తెలిసిన మంచి పనిమంతులందరికీ అది కష్టమే. మీ అమ్మ చిన్నప్పుడు తన ముగ్గు పక్కవాళ్ళను తాకనిచ్చేది కాదు.

1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టాడు. వరద రోజుల్లో నదిలో రాయి వేయలేరు. నీరు తీసింది మొదలు మళ్ళీ వరద వచ్చేలోగా ఎంత కడితే అంతే. గోదావరి ఎవరికీ గడువు పొడిగించదు. వేల మంది కూలీలు, పక్కనే కొండ, కొండ నుంచి రాయి తెచ్చే పట్టాల బండ్లు, కూలీలను సమకూర్చి పని నడిపించిన వీణం వీరన్న వంటి మనవాళ్ళు. అంత పని నడుస్తుండగా 1848లో కాటన్‌కు ఆరోగ్యం దెబ్బతిని ఆస్ట్రేలియా వెళ్ళవలసి వచ్చింది. బాధ్యత కెప్టెన్ ఓర్‌కు అప్పగించి వెళ్ళాడు. తిరిగి వచ్చింది 1850లో. ఈలోగా పని ఆగలేదు. 1852లో ఆనకట్ట పూర్తయింది. మీరు చూసిన బ్యారేజీ ఆ తర్వాతిది, దాన్ని 1970లో మొదలుపెట్టి 1982 నాటికి కట్టారు. మన వైపు కాటన్ విగ్రహం లేని ఊరు తక్కువ. నాకు మాత్రం ఆయన దగ్గర లేకుండానే పని నడిచిన ఆ కాలమంటే ఎక్కువ గౌరవం.

ఇక లాకుల సంగతి చెప్పకుండా ఉండలేను. కాలువ ఒకచోట ఎత్తులో, ఆ తర్వాత పల్లంలో ఉంటుంది. పడవ అలా దూకలేదు కదా. అందుకని మధ్యలో రెండు జతల తలుపులతో ఒక గది కట్టారు. పడవ గదిలోకి వచ్చాక వెనక తలుపులు మూస్తారు. లోపలి నీటిని మెల్లగా దించుతారు. రెండు వైపులా నీరు సమానమయ్యాక ముందు తలుపులు తెరుస్తారు. రెండు జతలూ ఒకేసారి తెరిస్తే పడవ గతి ఏమిటో బుజ్జిగాడే ఆలోచించాలి. అన్నం తింటూ ఫోనులో ఆఫీసు మాటలు మాట్లాడేవాళ్ళూ కొంచెం ఆలోచించవచ్చు. ఇంకొకటి, ఒక్క పడవ వచ్చిందని వెంటనే తలుపులు తీయకుండా, కాసేపు ఆగి నాలుగు పడవలు చేరాక ఒకేసారి దింపితే నీళ్ళూ ఆదా, శ్రమా ఆదా. వచ్చిన ప్రతి మెయిలుకూ లేచి తలుపు తీస్తే రోజంతా తలుపుల దగ్గరే తెల్లారుతుంది.

అమ్మమ్మ పక్కనుంచి ఇక చాలంటోంది. నిజమే, నా పోలిక కుంటుతోంది. నీటినైతే చెరువులో నిలవ చేసుకోవచ్చు, ఈ రోజు గంటను రేపటికి దాచలేం. అయినా ఒక్క మాట రాసి వదిలేస్తాను. ఏటా వేసవిలో కాలువలు కట్టేస్తారు కదా, ఎందుకు? పూడిక తీయడానికి, గుర్రపుడెక్క లాగేయడానికి, గట్లు బాగుచేయడానికి. ఏడాది పొడవునా పారిస్తే కొన్నేళ్ళకు కాలువే పూడిపోతుంది. ఈ ముక్క అమ్మకు గట్టిగా చదివి వినిపించండి, నేను రాశానని చెప్పండి.

దసరాకు వచ్చేటప్పుడు రాజమండ్రిలో దిగి, దారిలో లొల్ల లాకుల దగ్గర బండి ఆపించండి. వంతెన మీద నిలబడి ఎగువ వైపు ఒక ఆకు వేసి, గేటు దగ్గర అదేం చేస్తుందో చూడండి. కొన్ని ఆకులు సుడిలో చాలాసేపు తిరుగుతాయి, కొన్ని తిన్నగా జారిపోతాయి. ఎందుకో నన్ను అడగకండి, నాకూ తెలియదు. లొల్ల ఉన్నది ఆత్రేయపురం మండలంలోనే కాబట్టి పూతరేకుల కోసం బుజ్జిగాడు బండి దిగకముందే పేచీ పెడతాడు. లాకులు చూశాకే కొనండి, నాకు బెల్లంవి తెండి.

ఇట్లు,
మీ తాతయ్య